అనంతగిరికి మోసుకెళ్లిన మంచుకొండ

అమీర్‌పేటలో మా ఫోటో స్టూడియోకు వచ్చి కొండ కావాలని అడిగినవాళ్లు అంతవరకు లేరు. అందరూ అడిగేది పాస్‌పోర్టు సైజే. చెవులు కనబడాలి, పళ్లు కనబడకూడదు, వెనక తెల్లగా ఉండాలి. అలాంటిది ఒక ఫాల్గుణమాసంలో, ఎదురు మేడ మీద కంప్యూటర్ కోర్సులు చెప్పే సంస్థ యజమాని మా మెట్లెక్కి వచ్చి, "బాబాయ్ గారూ, నాకో కొండ కావాలి" అన్నాడు.

మా ఆయన తల ఎత్తకుండానే, "ఏ సైజుల?" అన్నాడు.

యజమానిది కోస్తా వైపు. మనిషి మర్యాదస్తుడు, మాటకు ముందు నవ్వు వస్తుంది. చౌరస్తాలో పెద్ద బోర్డు కట్టిస్తున్నాడట. పైన కొండ శిఖరం, కింద కోర్సుల పేర్లు. చూసిన కుర్రాళ్లకు ఎక్కాలనిపించాలట. గల్లీ మలుపులో కొత్తగా తెరిచిన డిజిటల్ దుకాణంవాళ్లు సీడీలో వంద కొండలు చూపించారట గానీ, అందులో మంచివన్నీ పోటీ సంస్థల బోర్డుల మీద అప్పటికే ఎక్కేశాయట.

"మొన్న చూశాను, రెండు బోర్డులు ఎదురెదురు, ఒకటే కొండ. పరువు పోదా అండీ? నాకు ఎవరి దగ్గరా లేని కొండ కావాలి. మీరు ఉగాదికి తెచ్చి పెట్టండి, మా బ్యాచ్‌ల ఐడీ కార్డు ఫోటోలు ఎప్పట్లాగే మీ దగ్గరే తీయిస్తాను. లేదంటే ఏమీ అనుకోకండి, ఆ డిజిటల్ వాళ్లు ఐదు నిమిషాల్లో ఇచ్చేస్తామంటున్నారు."

నవ్వుతూనే చెప్పాడు. మాకు మాత్రం నవ్వు రాలేదు. అప్పటికి మా స్టూడియో నడుస్తున్నది ఆ బ్యాచ్‌ల వల్లే. పెళ్లిళ్లవాళ్లు వీడియోవాళ్ల దగ్గరికి పోయారు, పిల్లల పుట్టినరోజులవాళ్లు సొంత కెమెరాలు కొనుక్కున్నారు. ఆ ఎదురు మేడ కూడా పోతే తలుపులు మూసుకోవడమే.

నా సంగతి కూడా చెప్పాలి. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. చీకటిగదిలో ఫోటోలు కడిగేది, ఆరేసేది, కవర్లలో పెట్టేది నేనే. కవరు మీద పేరు రాయడం రాక గుర్తులు గీసేదాన్ని. మీసం ఉంటే మీసం, పుట్టుమచ్చ ఉంటే చుక్క, బట్టతల ఉంటే సున్న. పాతికేళ్లు ఒక్క పొరపాటు లేకుండా నడిచింది. సాఫ్ట్‌వేర్ వచ్చాక నా చదువు పనికిరాకుండా పోయింది. మెట్లెక్కి వచ్చిన ప్రతివాడికీ కళ్లజోడే, ప్రతివాడికీ గీతల చొక్కానే, ప్రతి మొహం మీదా అదే నిద్రలేమి. ఒకసారి గుంటూరు కుర్రవాడి ఫోటోలు కరీంనగర్ కుర్రవాడికి ఇచ్చాను. అతను తీసుకుపోయి దరఖాస్తుల మీద అతికించుకున్నాడు కూడా. వారం దాకా ఇద్దరిలో ఎవరికీ తేడా తెలియలేదు. తెలిసిన మర్నాడే నేను యూసుఫ్‌గూడలో సాయంత్రం బడికి పోయి పలక పట్టాను.

ఇక కొండ. మా ఆయన ముందు దగ్గర్లో ఉన్నదాన్ని చూద్దామని బంజారా హిల్స్‌కు పోయాడు. పేరులోనే ఉంది కదా అని ఆయన లెక్క. పొద్దంతా తిరిగి, చెమటలు కక్కుతూ వచ్చాడు.

"దొరికిందా?" అన్నాను.

"యాడ దొరుకుతదే! గుట్ట మీద ఇండ్లు గట్టి గుట్టను కాంపౌండుల కలుపుకున్నరు. ఒక్క జాగల జర బండ కనబడితే కెమెరా ఎత్తిన. వాచ్‌మెన్ ఉరికొచ్చి, గీ బండ మా సారుది, పర్మిషన్ ఉన్నదా అంటుండు."

అనంతగిరి గుట్టలు గుర్తొచ్చింది అప్పుడే. బేగంపేటలో ప్యాసింజర్ రైలెక్కితే వికారాబాదు, అక్కడినుంచి ఆటో. మర్నాడు పొద్దున్నే బయలుదేరాం. నన్ను రమ్మని ఆయన పిలవలేదు. పులిహోర నా చేతిలో ఉంది కాబట్టి వద్దని కూడా అనలేకపోయాడు.

బయలుదేరేముందు ఆకాశం చూశాను. యూసుఫ్‌గూడ వైపు ఎండ, పంజాగుట్ట వైపు మబ్బు. నాకు నమ్మకం కుదరలేదు. కెమెరా, స్టాండు చుట్టడానికి గట్టి గుడ్డేదైనా ఉందా అని వెతికితే స్టూడియో మూల పాత పరదా ఒకటి దొరికింది. నడుము దాకా తీసే ఫోటోలకు వెనక వేలాడదీసేది. పైన ఆయిల్ పెయింటు కాబట్టి వాన దిగదు. సినిమా బ్యానర్లు గీసే ఒక పెయింటర్ మాకోసం గీసి ఇచ్చాడు. మూడు మంచు శిఖరాలు, రెండిటి మధ్య సూర్యుడు, కింద నీలం చెరువు. అతను ముషీరాబాదు దాటి పోయినవాడు కాదు. అయినా మంచు ఎంత ధైర్యంగా గీశాడంటే, చూసినవాళ్లకు జలుబు చేస్తుందనిపించేది. ఆ మంచుకొండలో కెమెరాను మూట కట్టి నెత్తిన పెట్టుకున్నాను.

రైలు దిగేసరికి ఎండ మాడుస్తోంది. ఆటో గుట్ట ఎక్కుతుంటే రెండు పక్కలా మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. ఒక్క ఆకు లేదు, అంతా పువ్వే. ఆటో దిగి, అడవిలో నడిచి, అంచు మీదికి పోయి నిలబడ్డాం. కింద పొలాలు, దూరంగా ఒక చెరువు, అంతా చాప పరిచినట్టు చదునుగా ఉంది.

మా ఆయన స్టాండు నిలబెట్టాడు. కెమెరాలోంచి ఇటు చూశాడు, అటు చూశాడు. తల గోక్కున్నాడు.

"ఏందే, గుట్ట యాడున్నది?"

అక్కడే మేకలు కాస్తున్న పెద్దాయన ఒకడు బండ మీద కూర్చుని మమ్మల్నే చూస్తున్నాడు. "ఏం దేవులాడుతున్నవ్ పటేలా?" అన్నాడు.

"గుట్ట ఫోటో తియ్యాలె."

"గుట్ట మీద నిలబడి గుట్టను తీస్తవా? నీ ఇంట్ల కూసుండి నీ ఇంటి పైకప్పును చూసినట్టున్నది. కిందికి దిగు. గా ఒర్రె దాటి అటు ఒడ్డున నిలబడు, అప్పుడు గీ గుట్ట మంచిగ కనబడ్తది."

"గంత దూరమా?"

"నేను రోజు పోతున్న. నా మేకలు సుత పోతయ్."

దిగాం. ఒర్రె దాటి ఎదుటి ఒడ్డుకు చేరాం. మేకల పెద్దాయన మమ్మల్ని ఒంటరిగా వదలడానికి మనసొప్పక తన మందను కూడా తోలుకుని వెంట వచ్చాడు. అక్కడినుంచి చూస్తే గుట్ట నిజంగానే కనబడింది. గుండ్రంగా, పచ్చగా, పడుకున్న గేదెలా ఉంది. శిఖరమంటూ ఏమీ లేదు.

"గిదేనా?" అన్నాను.

"గిదే. నువ్వేమనుకున్నవ్?" అన్నాడు మా ఆయన. ఆయనా అదే అనుకున్నాడని మొహం చెబుతోంది. ముప్పై ఏళ్లు స్టూడియో పరదాల ముందు బతికినవాళ్లకు కొండంటే మూడు కొసలు, నడుమ సూర్యుడు. ఆ లెక్కన ఈ గుట్టకు ఇంకా కొండ అయ్యే వయసు రాలేదు.

అయినా రీలు ఎక్కించాడు. ముప్పైయారు ఫోటోలు వస్తాయి. ఇక వాతావరణం తన ఆట మొదలుపెట్టింది. స్టూడియోలో ఆయనకు రెండు లైట్లు. వెయ్యమంటే వెలుగుతాయి, ఆర్పమంటే ఆరుతాయి. ఇక్కడ ఎండకు తగినట్టు కెమెరా తిప్పి పెట్టుకునేలోపు మబ్బు వస్తుంది. మబ్బుకు తగినట్టు మార్చేలోపు ఎండ. ఆయన పళ్లు కొరుకుతూ మీటలు తిప్పుతున్నాడు. గుట్ట సగం వెలుగులో, సగం నీడలో, మళ్లీ అటుది ఇటు, ఇటుది అటు.

"ఒక్క నిమిషం నిలబడదేందే ఇది?"

"ఊపిరి బిగబట్టమను," అన్నాను. "నీ గిరాకీలకు చెప్తవు గద."

మేకల పెద్దాయన పులిహోర తింటూ నవ్వి, "గుట్ట యాడికి పోతదయ్యా? ఉరికేది మబ్బు. నువ్వు ఉత్తగ పరేషాన్ అయితున్నవ్" అన్నాడు.

మధ్యాహ్నానికి పొగమంచులాంటిది ఎక్కణ్ణుంచో లేచి గుట్టను మింగేసింది. ఏమీ లేదు, తెల్లగోడ. పాస్‌పోర్టు ఫోటోకు సరిగ్గా సరిపోయేది. ఇంతలో ఆ తెలుపు ఒకచోట చిరిగింది. ఆ చిరుగులోంచి ఒక్క ఎండ పలక వచ్చి గుట్ట భుజం మీద పడింది. అక్కడున్న మోదుగ చెట్లన్నీ ఒక్కసారి అంటుకున్నట్టయింది. మిగతా గుట్టంతా బూడిదరంగు. మేకల పెద్దాయన నమలడం ఆపాడు. మా ఆయన మీటలు తిప్పలేదు, తిట్టలేదు, నొక్కాడు. మళ్లీ నొక్కబోయేసరికి చిరుగు మూసుకుపోయింది.

"పడ్డదే," అన్నాడు మెల్లగా. ఆయన గొంతు అంత మెల్లగా వినడం నాకు కొత్త.

తర్వాత రాళ్లవాన. మామిడి పిందెలంత రాళ్లు. చెట్టు కిందికి ఉరికి, కెమెరా మీద పరదా కప్పి, మేం ముగ్గురం కూడా ఆ మంచుకొండ కిందే దూరాం. నెత్తి మీద మంచు బొమ్మ, దాని మీద నిజం మంచు టపటపా రాలుతోంది. మేకలు మా మధ్యకు దూరి తుమ్ముతున్నాయి. పావుగంటలో అంతా ఆగిపోయి, ఏమీ ఎరగనట్టు ఎండ కాసింది.

మూట కట్టడానికి లేకుండా పరదా తడిసిపోయింది. రెండు మోదుగ చెట్ల నడుమ కొమ్మలకు కట్టి ఆరేశాం. కెమెరాలో ఒక్క ఫోటో మిగిలి ఉంది.

"ఏమయ్యా, నన్నొకటి తియ్యరాదూ?" అన్నాను. "ఊరందరి మొహాలు కడిగిన. నాది రేషన్ కార్డు మీద తప్ప యాడ లేదు."

"సరే, నిలబడు."

గుట్ట వెనక వచ్చేలా నిలబడ్డాను. ఆయన కెమెరాలోంచి చూసి, చెయ్యి ఊపాడు. "గక్కడ గాదు. పరదా ముంగట నిలబడు."

"వెనక నిజం గుట్ట ఉన్నది గదయ్యా!"

"ఉంటే? ఫోటోల గుట్ట లెక్క పడాలె గద. జరుగు, జరుగు."

మేకల పెద్దాయన అటు గుట్టను చూశాడు, ఇటు పరదాను చూశాడు. "పెద్దోళ్లకు ఎండ దెబ్బ తొందరగ తాకుతది," అని తన మేకలతో చెప్పాడు. నేను పోయి పరదా ముందు నిలబడ్డాను. అలవాటు అలాంటిది. మా ఆయనకు మనిషి వెనక గుడ్డ లేకపోతే వేలు కదలదు.

కలర్ రీలు కాబట్టి పంజాగుట్ట ల్యాబ్‌లో కడిగించాం. కార్డు సైజు ప్రింట్లు వేయించి, యజమాని వచ్చిన రోజు బల్ల మీద పరిచాం. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మొహం మీద, పిల్లను చూపించే తండ్రికుండే బెదురు. ఆ ఎండ పలక ఫోటో అన్నిటికంటే ముందు పెట్టాడు.

యజమాని దాన్ని చేతిలోకి తీసుకుని, తిప్పి, మళ్లీ తిప్పాడు. "ఇదేంటి బాబాయ్, పొగా?"

"గుట్ట సార్. మబ్బుల."

"కనబడట్లేదే! దీన్ని చూసి ఎవడు ఎక్కుతాడండీ?" పక్కన పెట్టాడు. తర్వాతది తీశాడు. "ఇవి చెట్లు." తర్వాతది. "ఇదీ చెట్లే." ఒక్కొక్కటే పక్కకు పోతోంది. ప్రతిదానికీ మా ఆయన ఒక మెట్టు దిగుతున్నట్టు కుర్చీలో కుంగుతున్నాడు. నేను మనసులో స్టూడియో తలుపులు మూసేశాను కూడా.

చివరిది మిగిలింది. నేను. నా వెనక మూడు శిఖరాలు.

యజమాని లేచి నిలబడ్డాడు. "అబ్బా! ఇదండీ కొండంటే! ఇది దాచిపెట్టి ఆ పొగలన్నీ చూపిస్తారేంటి బాబాయ్?"

మా ఆయన నోరు తెరుచుకుంది.

నేనన్నాను, "సార్, గది బట్ట."

బల్ల కింద మా ఆయన నా కాలు తొక్కాడు. యజమాని పడీ పడీ నవ్వాడు. "పిన్నిగారు భలే జోకులేస్తారు! బట్ట ఏంటండీ, ఈ ఎర్రపూల కొమ్మ నీడ కొండ మీద పడట్లేదూ? మేం కిందటేడు మనాలీ వెళ్లాం, అచ్చం ఇదే. ఆ గాలి కూడా గుర్తొస్తోంది."

"నడుమ కుట్టు చూడున్రి. గా గీత."

ఆయన ఫోటోను కంటికి దగ్గరగా పెట్టుకున్నాడు. "అది మంచు కరిగిన దారండీ. ఎండాకాలం మొదట్లో అలాగే చారలు పడతాయి."

ఇక నేనేం చెప్పను? నిజం ఒకసారి చెప్పాను, సాక్ష్యం కూడా చూపించాను. మనాలీ చూసొచ్చిన మనిషితో మొండి వాదన నాకెందుకు? మా ఆయన నా కాలు మీదనుంచి కాలు తీయలేదు.

"పిన్నిగారూ, మిమ్మల్ని మాత్రం కంప్యూటర్లో తీసేయించాలి. ఏమీ అనుకోకండి."

"తీసెయ్యి నాయినా," అన్నాను.

ఆయన పోయాక మా ఆయన నా మీద పడ్డాడు. "నీ నోరు ఊకుండదా? ఆయన నమ్మితే మన బతుకేమైతుండె?"

"నమ్మలే గద!"

"నమ్మకపోవుడే నయమైంది!"

ఆ సాయంత్రం ఆయన ఆ ఎండ పలక ఫోటోను మళ్లీ తీసి, కిటికీ దగ్గర పెట్టుకుని చాలాసేపు చూశాడు. "పొగ లెక్కనే ఉన్నదా?" అని అడిగాడు. లేదన్నాను. నేను అబద్ధం చెప్పనని ఆయనకు తెలుసు. అయినా నా మాట చాలలేదనిపించింది. నేను బోర్డులు కట్టించేదాన్ని కాదు కదా.

ఉగాది ముందురోజు చౌరస్తాలో బోర్డు లేచింది. లారీ అంత ఉంది. మూడు శిఖరాలు, నడుమ సూర్యుడు, పక్కనుంచి ఎర్రపూల కొమ్మ. నన్ను తీసేశారు గానీ పూర్తిగా తీయలేకపోయినట్టున్నారు. నా ఎడమ భుజం కొండ కింద బండరాయిలా మిగిలిపోయింది. దాని మీద ఇంగ్లీషులో కోర్సుల పేర్లు రాశారు. ఇంగ్లీషు నాకు రాదు, నా భుజం మీద ఏమేం మోస్తున్నానో తెలియదు. పైన తెలుగులో పెద్దగా ఉన్నది మాత్రం కూడబలుక్కుని చదివాను. 'అసలైన శిఖరం ఇదే.'

యజమాని మాట తప్పలేదు. వారంలోగా కొత్త బ్యాచ్ మా మెట్ల మీద వరస కట్టింది. కళ్లజోళ్లు, గీతల చొక్కాలు. మా ఆయన తెల్లపరదా లాగి, ఒక్కొక్కణ్ణి కూర్చోబెట్టి, చెవులు, గడ్డం సర్దుతూ హుషారుగా తిరుగుతున్నాడు. నేను పేర్లడిగి కవర్ల మీద రాసుకుంటున్నాను. వాళ్లలో వరంగల్ నుంచి వచ్చినవాడొకడు ఫోటో దిగి లేస్తూ అడిగాడు.

"అంకుల్, మా బోర్డు మీది ఫోటో మీరే తీసిండ్రట గద! మస్తున్నది. ఆ జాగ యాడ?"

వెనక వరసంతా చెవులు రిక్కించింది. మా ఆయన నావైపు చూశాడు. నేను కవరు మీద పేరు రాస్తూ తల దించుకున్నాను. ఈసారి కాలు తొక్కే అవకాశం ఆయనకు లేదు. మధ్యలో బల్ల లేదు, ఎనిమిదడుగుల దూరం.

"అనంతగిరి," అన్నాడాయన. "బేగంపేటల ప్యాసింజర్ ఎక్కి వికారాబాదుల దిగున్రి. ఒర్రె దాటి అటు ఒడ్డుకు పోవాలె."

అందులో తప్పేమీ లేదు. ఫోటో తీసింది అక్కడే.

ఆదివారం పది మంది పోయారు. సోమవారం ఫోటోలు తీసుకోవడానికి వచ్చారు. ముక్కులు ఎండకు కాలిపోయాయి, బూట్లు బురద. వరంగల్ అబ్బాయి గల్లాపెట్టె ముందు నిలబడి, "అంకుల్, గా మంచు కొండలు యాడ లేవు. దినమంత తిరిగినం. మేకలు కాసే తాతనొకణ్ణి అడిగితే, గవి ఒక ముసలామె మూట కట్టుకొని పోయిందంటుండు. తాగినట్టున్నడు" అన్నాడు.

మా ఆయన కెమెరా అద్దం తుడుస్తూ, "మీరు పోయిన యాళ్ల మంచిది గాదు," అన్నాడు. "గక్కడ గడియకొక తీరుంటది. ఒకసారి కనబడింది మల్ల కనబడదు."

కుర్రాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని తలలూపారు. వచ్చే ఆదివారం ఇంకా పొద్దున్నే బయలుదేరదామని మెట్లు దిగుతూ అనుకోవడం వినబడింది. నేను వాళ్ల వెనక పిలిచి నిజం చెబుదామని లేచాను. ఎదురు మేడ మెట్ల మీదనుంచి రెండో బ్యాచ్ దిగి మా వైపు వస్తోంది. మళ్లీ కూర్చుని కొత్త కవర్ల కట్ట విప్పాను.